ఊదా మడిలో పచ్చ నారు

1981 ఖరీఫ్‌లో నన్ను రాయ్‌పూర్ శివారున ఒక వరి పరిశోధన క్షేత్రంలో సంకర విభాగానికి వేశారు. హోదా దినకూలీయే గాని, రెండేళ్ళకి పర్మనెంటు జాబితాకి నా పేరు పంపారు. మాది శ్రీకాకుళం వైపు, మా ఆయన రైల్వేలో ఖలాసీ. నా చదువు మూడో తరగతి. ట్యాగుల మీద పేర్లూ అంకెలూ రాయడానికి అది చాలింది.

వరి పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. అందుకని పొద్దుటే, పువ్వు విచ్చకముందు, తల్లి మొక్క వెన్నులో, అంటే కంకిలో, ఒక్కో పువ్వు కొస కత్తెరతో కోసి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్నీ చిమటాతో, అంటే సన్న పట్టకారుతో, లాగేయాలి. ఒక్కటి మిగిలినా పని దండగే. కాగితం సంచి తొడిగి ఉంచి, తండ్రి వెన్ను విచ్చే వేళకి తెచ్చి దాని మీద దులపాలి. ట్యాగు మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత.

ఇక్కడి పొలాల్లో కర్గా అని అడవి వరి మొలుస్తుంది. లేతలో అచ్చం మంచి వరిలాగే ఉంటుంది, ఏరడం కుదరదు. పంట ఆకు ఊదా రంగులో ఉంటే పచ్చగా కనబడేదల్లా కర్గాయే, పీకేయొచ్చు. అందుకే మా సాబ్, అంటే శాస్త్రవేత్త, బాగా పండే పచ్చాకు వరికి ఊదా ఆకుల నాటు వరితో సంకరం చేయించారు. చేసింది ఫూల్‌బాయి. తిల్దా నుంచి రోజూ రైల్లో వచ్చేది. మొదటి తరం మొక్కలన్నీ ఊదాగానే వచ్చాయి. వాటి గింజలు ఎండబెట్టి, నారు పోసింది నేను.

నారు తీసే రోజు చూస్తే ఊదా మొక్కల మధ్య చాలాచోట్ల పచ్చవి. ఊదా తల్లి కడుపున పచ్చ పిల్ల ఎలా పుడుతుంది? కళ్ళంలో నేనే వేరే గింజలు కలిపేశాననుకున్నాను. జాబితాలో పేరు పోతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండా ఊదావి మాత్రమే మడిలో నాటించాను. పచ్చవి పారేయడానికి మనసొప్పక పంపు పక్క బురదలో గుచ్చాను.

సాబ్ లెక్క తీసుకోవడానికి వచ్చారు. మడంతా ఊదా. ఇది సంకరమే కాదన్నారు. తండ్రి గింజలకే సంకరం ట్యాగు కట్టారని తేల్చి, ఫూల్‌బాయిని మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆవిడ ఏడవలేదు. "కట్టింది సరిగ్గానే కట్టాను సాబ్" అని ఒక్క మాట అంది.

తప్పు దాచి మడి శుభ్రం చేస్తే, ఆ శుభ్రమే తప్పెలా అయింది? అది తేలలేదు గాని, ఫూల్‌బాయి కూలి పోవడం మాత్రం నా వల్లేనని తేలింది. సాబ్‌ని పంపు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన బురదలోకి దిగి, పచ్చవి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, మడిలోని ఊదావాటితో సరిచూశారు. మూడు ఊదా మొక్కలకి ఒక పచ్చ మొక్క చొప్పున, దాదాపు సరిపోయింది.

"బాయీ, ఈ పచ్చవి పుట్టాలనే కదా మేం చూస్తున్నది!" అని అరిచారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. ప్రతి మొక్కలో రంగుకి తల్లిదొకటి, తండ్రిదొకటి, రెండు పాళ్ళుంటాయట. ఊదా ఒక్కటున్నా పైకి కనబడుతుంది, పచ్చ అణిగి ఉంటుంది. రెండు పచ్చలూ ఒక గింజలో కలిస్తేనే బయటపడుతుంది. ఏడాదంతా కనబడనిది ఏమైపోకుండా ఎలా ఉందని అడిగాను. ఉందన్నారు. నాకు ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు.

ఫూల్‌బాయిని రావద్దన్న మాట సాబ్ వెనక్కి తీసుకున్నారు. ఆవిడ మర్నాడు పనికొచ్చి, "ఆంధ్రావాలీ దీదీ, నువ్వు పాత దారం ముక్క కూడా దాస్తావని తెలుసు. తప్పు కూడా దాస్తావని తెలీదు" అంది. అందరూ నవ్వారు. నా దగ్గర రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నారు. జాబితాలోంచి ఆ ఏడు నా పేరు కొట్టేశారు. పర్మనెంటయ్యేసరికి మరో మూడేళ్ళు పట్టింది.

నేను రిటైరయ్యేనాటికి ల్యాబుల్లో బంగారపు పొడికి జీన్లు అంటించి, ఒక యంత్రంతో మొక్కలోకి కొడుతున్నారని విన్నాను. అంత బంగారం ఎందుకో, అదీ అర్థం కాలేదు. మడిలో అర్థం కానిది కనబడితే దాన్ని ఏరకూడదు, ఉన్నచోటే ఉంచి అదే రోజు రిజిస్టరులో రాయాలి. నేను నేర్చుకున్నది ఇంతే. నా కింద పనికి వచ్చినవాళ్ళకి చిమటా ఇవ్వకముందే ఇది చెప్పేదాన్ని.