నా ఒక్కడికే తెరుచుకున్న సైటు

అందరినీ రమ్మని పిలిచి, వీధి తలుపుకు గడియ పెట్టుకున్న మొనగాణ్ణి ఎక్కడైనా చూశారా? లేకపోతే ఇప్పుడు చూడండి. మారేడ్‌పల్లిలో ఒంటిగదిలో అద్దెకుంటున్న నేనే ఆ మహానుభావుణ్ణి.

మౌలాలి రైల్వే కాలనీలో కలిసి చదువుకున్నవాళ్లం ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాం. వాట్సాప్ గ్రూపులోంచి నేను అంతకుముందే అలిగి బయటికొచ్చాను కాబట్టి, నాకు మిగిలింది ఈ సైటే. దాని సర్వరు ముసలిదైపోయిందని, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఇంకో సర్వరు తీసుకుని, మార్చే పని నా నెత్తిన వేసుకున్నాను. ఆ వంకతోనైనా నలుగురూ పలకరిస్తారని ఆశ.

కొత్తింట్లో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టు, పాత సెట్టింగులు కొత్త సిస్టమ్‌లో ఎక్కడున్నాయో వెతికాను. ఏది నొక్కినా 'మీకు అనుమతి లేదు' అనేది. నా సర్వరుకు నేనే పరాయివాణ్ణి! చివరికి, మా సైటు పేరు కొడితే కొత్త సర్వరుకే వెళ్లమని పరీక్ష కోసం నా లాప్‌టాప్‌కు చెప్పి, ఒక్కో తప్పూ దిద్దాను. సైటు కళకళలాడుతూ తెరుచుకుంది. ఆ సంబరంలో పాత సర్వరును ఆపేసి, ఆదివారం మౌలాలి గుట్ట కింద కలుద్దాం, వచ్చేవాళ్లు పేరు రాయండని సైటులో పెట్టాను.

ఒక్కరూ రాయలేదు. సెట్టింగులు మళ్లీ కెలికాను. ఎవరెవరు వచ్చారో సర్వరు రాసిపెట్టుకుంటుంది కదా, అది చూస్తే ఎవరో ఒకరు పొద్దునా సాయంత్రం వచ్చి పోతున్నారు. నా మీద ఎంత అభిమానమో అని మురిసిపోయాను. తీరా చూస్తే అది నేనే. నవ్వకండి, ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆదివారం గుట్ట కింద ఒక్కణ్ణే కూర్చుని, అందరికోసం కొన్న బిస్కెట్లు నేనే తిన్నాను. ఇక వీళ్ల మొహం చూడకూడదనుకుంటుండగా యాదగిరి ఫోన్ చేశాడు. చిన్నప్పుడు నా పక్కనే కూర్చునేవాడు, ఇప్పుడు బేగంపేటలో ఉద్యోగం.

"ఏందిరా, సైటు గిట్ల బంద్ చేసినవ్? మళ్ల అలిగినవా? ఫోన్ చేస్తే తిడ్తవని అందరం పరేషాన్ అయితున్నం."

"బంద్ ఏంది? నాకు మంచిగనే తెరుచుకుంటుంది."

"నీ ఒక్కనికి తెరుచుకుంటే నువ్వే చూస్కో. మాకు ఏం వస్తలేదు."

అప్పుడు వెలిగింది. కొత్త సర్వరు చిరునామా నా లాప్‌టాప్‌కు చెప్పాను గానీ లోకానికి చెప్పలేదు. పాపం, వాళ్లంతా నేను మూసేసిన పాత సర్వరు గుమ్మం ముందే తచ్చాడుతున్నారు.

అందుకే గుట్ట సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇంకొకరి ఫోన్‌లో తెరిపించనిదే ఏ సైటూ బాగుందని అనను. ఆ ఒట్టు కోసమే రోజూ యాదగిరికి ఫోన్ చేసి, తెరుచుకుందా అని అడుగుతున్నాను. సైటు ఎప్పుడో బాగైందని వాడికీ తెలుసు.

"జెర ఆగు, చూస్త," అంటాడు.