ముక్కు మేస్త్రి

కూరగాయల్ని గడ్డకట్టించి సంచుల్లో నింపే ఆ ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ముక్కు మేస్త్రి. ముక్కు పెద్దదని కాదు, ఆ ముక్కు చేసే పని పెద్దదని.

బఠాణీలు, మొక్కజొన్న గింజలు బెల్టు మీద ఒకవైపు నుంచి పచ్చిగా లోపలికి వెళ్లి, చలి సొరంగం దాటి అవతలి వైపు గులకరాళ్లలా గలగలమంటూ రాలతాయి. ఆ చలికి మూలం అమోనియా గ్యాసు. గొట్టాల్లో తిరిగినంతసేపూ అది చెప్పినట్టు పనిచేస్తుంది. బయటికొచ్చిందా, కళ్లూ గొంతూ ఊపిరితిత్తులూ కాల్చి పారేస్తుంది. అందుకే కంప్రెసర్ గది నుంచి సొరంగం దాకా ఏ మూల ఏ వాల్వు కాస్త కారినా ముందుగా పట్టుకోవాలి. తడిపి పెడితే గ్యాసు తగిలి రంగు మారే కాగితాలున్నాయి గానీ మేస్త్రి వాటిని ముట్టేవాడు కాదు. రోజూ పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని గొట్టాల వెంబడి నడిచేవాడు. ఒకచోట ఆగి, కళ్లు మూసుకుని, గాలి పీల్చి, "ఇదిగో, ఈ నట్టు బిగించండి" అనేవాడు. బిగించి చూస్తే నిజమే.

ఆ పేరు ఫ్యాక్టరీ గోడలు దాటి వీధిలోకీ పాకింది. ఎవరింట్లోనైనా వంటగ్యాసు వాసన వస్తోందని అనుమానమొస్తే ముందు ఆయన తలుపే తట్టేవారు. "మా ఆయనకి ముక్కు మీద ఉండేది కోపం ఒక్కటే కాదు, జీతం కూడా అక్కడే ఉంటుంది" అని భార్య నవ్వేది. ఆయనా నవ్వేవాడు. లోపల మాత్రం పొంగిపోయేవాడు.

ఆయన చెల్లెలు అదే ఫ్యాక్టరీలో, సొరంగం బయటి బెల్టు దగ్గర, పుచ్చు గింజలూ పుల్లలూ ఏరే పనిలో ఉండేది. తనే చెప్పి పెట్టించాడు. మనిషి నెమ్మది. లేనిపోని ఫిర్యాదులు చేసే రకం కాదు.

ఆ రోజు పొద్దున టీ విరామం అయ్యాక ఆమె కంప్రెసర్ గది గుమ్మం దగ్గరికొచ్చి, మోతలో వినబడేలా గట్టిగా పిలిచింది.

"అన్నయ్యా, మా బెల్టు దగ్గర ఏదో ఘాటుగా వస్తోంది. ఓసారి వచ్చి చూడవూ?"

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు. బెల్టుకు పైన గొట్టాలు, వాటి మధ్య ఎర్ర చక్రం ఉన్న వాల్వు. సరిగ్గా దాని కింద నిలబడ్డాడు. ఆడవాళ్లంతా చేతులాపి చూస్తున్నారు. కళ్లు మూసుకుని, ఛాతీ నిండా పీల్చాడు.

"ఏం లేదే."

"నాకు వస్తోందన్నయ్యా. సన్నగా, సూది గుచ్చినట్టు."

ఇంకోసారి పీల్చాడు. "ఏం లేదమ్మా. నేల కడిగిన మందు వాసనయి ఉంటుంది. పని చూసుకో."

"ముక్కు మేస్త్రే లేదన్నాక ఇంకేముంది? పదవే, గింజలు పోతున్నాయి" అంది పక్కనామె. అందరూ నవ్వారు. చెల్లెలు కూడా మొహమాటంగా నవ్వి, తన చోటికి వెళ్లి నిలబడింది.

ఆయన కంప్రెసర్ గదికి తిరిగొచ్చి కాసేపైందో లేదో, కేకలు వినిపించాయి. పరుగెత్తాడు. బెల్టు గది తలుపులోంచి ఆడవాళ్లు కళ్లు మూసుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొస్తున్నారు. లోపల పైనుంచి బుస్సుమని చప్పుడు, తెల్లటి పొగ. ఆ వాల్వు కాడ చుట్టూ గ్యాసు కారకుండా కూరే ప్యాకింగు ఊడిపోయింది.

నడవాలో ఎదురుగా ఇంజనీరు జేబురుమాలు ముక్కుకు అదుముకుని దగ్గుతున్నాడు. వెనకున్న ఇద్దరు మనుషులు గోడకు ఆనుకుని వాంతి చేసుకుంటున్నారు.

"మేస్త్రి గారూ, వెనక్కి రండి! అలా నిలబడ్డారేంటి? మీకు వాసన రావట్లేదా?"

మేస్త్రి కొయ్యబారిపోయాడు.

రావట్లేదు.

చుట్టూ మనుషులు ఊపిరాడక గిలగిల్లాడుతుంటే ఆయన ముక్కుకు గాలి గాలిలాగే ఉంది. మంచినీళ్లలా ఉంది. ఒక్క క్షణం ఆయనకు వీళ్లంతా ఎందుకిలా చేస్తున్నారో అర్థం కాలేదు. తర్వాత కళ్లు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. అప్పుడర్థమైంది.

బయటికొచ్చిన వాళ్లలో చెల్లెలు లేదు.

గోడకు వేలాడే గ్యాసు మాస్కు తగిలించుకుని ముందు అమోనియా ట్యాంకు దగ్గరికి పరుగెత్తి పెద్ద వాల్వు కట్టేశాడు. ఆ తర్వాత పొగలోకి వెళ్లాడు. ఆమె బెల్టు కింద ముడుచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని పడి ఉంది. ఎత్తుకుని బయటికి తెచ్చి, గొట్టంతో ముఖం మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు. అంబులెన్సు వాళ్లొచ్చి ఆ గొట్టాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కోవలసి వచ్చింది.

ఆసుపత్రిలో ఆమె గొంతు, ఊపిరితిత్తులు కాలాయన్నారు. ప్రాణం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. చెల్లెలి మొగుడు వచ్చాడు. అద్దంలోంచి భార్యను చూసి, మేస్త్రి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ముందే చెప్పిందటగా?"

"చెప్పింది బావా."

"నువ్వు ఏం లేదన్నావట."

బావ ఇంకేమీ అడగకుండా వెళ్లి అవతలి చివర బల్ల మీద కూర్చున్నాడు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మేస్త్రి బయటికి నడిచాడు. గేటు పక్క పండ్ల బండి దగ్గర ఒక కమలాపండు కొని, గోటితో తొక్క గీరాడు. నూనె చిమ్మి వేలు తడిసింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. తొక్క చించి, ముక్కు రంధ్రానికి అదిమి పీల్చాడు. ఏమీ లేదు. బండివాడు వింతగా చూస్తున్నాడు.

"పండు బాలేదా అయ్యా?"

"బాగానే ఉంటుందిలే" అన్నాడు మేస్త్రి. అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు.

సాయంత్రం ఇంటికెళ్లి వంటింట్లో దూరి డబ్బాలన్నీ దించాడు. కాఫీ పొడి, వెల్లుల్లి, సబ్బు, స్టవ్వు కింది కిరసనాయిలు సీసా. ఒక్కొక్కటే మూత తీసి పీలుస్తున్నాడు. భార్య గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఏం చేస్తున్నారు?"

"ఇది వాసనొస్తోందా నీకు?"

"కిరసనాయిలా? ఇక్కడిదాకా కొడుతోంది."

ఆయన సీసా కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

"మొన్న పాలు మాడి ఇల్లంతా పొగ కంపు కొడితే, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. పట్టించుకోరని తిట్టాను." కాఫీ డబ్బాకు మూత పెట్టింది. "చలికాలంలో ఆ పాడు జలుబు చేసి మంచమెక్కారే, అప్పట్నుంచి కూరలో ఉప్పూ కారం గురించి తప్ప ఇంకేదీ అనలేదు మీరు. ముందు వంకలు పెట్టేవారు. నేనేమో బుద్ధొచ్చిందనుకున్నాను."

ఆ జలుబు తర్వాత కూడా ఆయన రోజూ గొట్టాల వెంబడి నడిచాడు. రోజూ కళ్లు మూసుకుని పీల్చాడు. రోజూ "అంతా బాగుంది" అన్నాడు. ఆ మాట నమ్ముకుని ఫ్యాక్టరీ నిండా జనం పనిచేశారు. ఆయన లేచి, దించిన డబ్బాలన్నీ ఒక్కొక్కటే తిరిగి పైన పెట్టాడు.

డాక్టరు చిన్న చిన్న సీసాలు మార్చి మార్చి వాసన చూపించాడు. అన్నింటికీ ఒకటే జవాబు. జలుబే పాడు చేసిందో, ఏళ్ల తరబడి పీల్చిన గ్యాసే చేసిందో చెప్పలేమన్నాడు. "ఘాటు వేరు, వాసన వేరు. కళ్లు మండేంత వస్తే మీకు తెలుస్తుంది. అంతకంటే తక్కువైతే తెలియదు" అన్నాడు. తిరిగొచ్చే ఆశ పెద్దగా లేదని కూడా దాచకుండా చెప్పాడు.

మేస్త్రి అటునుంచి అటే ఇంజనీరు గదికి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఉన్నదంతా చెప్పాడు. ఇంజనీరు ముఖం పాలిపోయింది.

"గోడలకు గ్యాసు పసిగట్టే మిషన్లు పెట్టాలని ఎప్పుడో అనుకున్నాం మేస్త్రి గారూ. మీరుండగా ఎందుకులే అని నేనే పక్కన పెట్టాను." ఆ మిషన్ల పాత కాగితం డ్రాయరులోంచి తీసి బల్ల మీద పెట్టి, "ఇంతమంది ప్రాణాలు ఒక్క మనిషి ముక్కుకు వేలాడదీశాను" అన్నాడు. ఆ మాటకు ఇద్దరూ తలెత్తలేకపోయారు.

చెల్లెలు బతికింది. గొంతు మాత్రం బొంగురుపోయింది. మాట్లాడొచ్చని డాక్టర్లు చెప్పిన రోజు మేస్త్రి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. ఏం చెప్పాలో ఇంట్లో అనుకుని వచ్చిందంతా ఎగిరిపోయింది.

"నా మీద కోపంగా ఉందా?"

"ఉంది. నీ మీదా ఉంది, నా మీదా ఉంది. నా ముక్కుకు స్పష్టంగా తెలుస్తూనే ఉందన్నయ్యా. నువ్వు లేదనగానే నిజంగానే లేదనుకున్నాను. అంత పిచ్చిదాన్నా నేను?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు, చెయ్యీ వెనక్కి తీసుకోలేదు.

ఫ్యాక్టరీలో గోడలకు మిషన్లు బిగించారు. ఎవరికి అనుమానమొచ్చినా, వాళ్లెంత చిన్న పనివాళ్లైనా, బెల్టు ఆపేయొచ్చని రూలు పెట్టారు. చెల్లెలు లేబుళ్ల విభాగానికి మారింది. మేస్త్రి తనంతట తనే అడిగి, బయట నీళ్ల పంపుల దగ్గర పని తీసుకున్నాడు. ఇప్పుడాయన్ని ఎవరూ ముక్కు మేస్త్రి అనరు. జాలిపడి మానేశారు. ఆ జాలి ఆయన్ని పాత పేరు కంటే ఎక్కువగా కుదిపేది. అప్పుడప్పుడు పానా తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. ఏమైందని అడిగితే ఏం లేదనేవాడు, ఆ మాట అన్నందుకే మళ్లీ ఉలిక్కిపడేవాడు.

బావ చాలాకాలం పలకరించలేదు. ఎదురైతే తల తిప్పుకునేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం తనంతట తానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా ఇంట్లో మోటారు తిరుగుతోంది గానీ నీళ్లెక్కట్లేదు. మీ చెల్లెలు నిన్నే పిలవమంది." గొంతు సవరించుకున్నాడు. "నేనూ పిలుద్దామనే అనుకున్నాను."

మేస్త్రి చొక్కా తొడుక్కుని, పానాల సంచి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. మలుపు దగ్గర సంచి బరువుగా ఉన్నట్టుందని బావ దాని ఒక చెవి పట్టుకున్నాడు.