పాటలో 'టింగ్' వినిపించని రోజులు

రెండేళ్ల కిందట ఒక ఎండాకాలం ఉదయం, నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గ్రామఫోన్ రికార్డుల పెట్టె విడిపించుకుని అబిడ్స్‌లోని మా దుకాణానికి మోసుకొస్తున్నాను. ఎప్పుడూ నడిచే దారే. సగం దూరంలో ఊపిరి అందలేదు. పెట్టెను ఒక అరుగు మీద దించి దగ్గితే రుమాలులో ఎర్రటి చార కనిపించింది.

ఆ పెట్టెలో ఉన్నది మా అబిడ్స్ కుర్రాళ్ల పాట. ఆదివారాలు ఒక హోటల్లో గిటార్లు, డ్రమ్స్ వాయించే బ్యాండ్ వాళ్లది. బొంబాయి వెళ్లి రికార్డు చేసి వచ్చారు. రికార్డులు వినిపించి అమ్మడమే నా ఉద్యోగం కనుక రుమాలు జేబులో పెట్టుకుని, దుకాణం చేరగానే ముందు ఆ పాట విన్నాను.

పాట ఇంగ్లీషులో ఉంది. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. గ్రంథాలయంలో డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను, ఆ పాటనూ అలాగే విప్పుకున్నాను. రైలెక్కాలని వచ్చి ఎక్కలేక ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయినవాడి పాట. గొప్ప కవిత్వం అనను. కానీ ప్రతి చరణం చివర డ్రమ్స్ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో ట్రయాంగిల్ ఒక్కసారి 'టింగ్'మంటుంది. మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీ అది, అంతే. ఆ తర్వాతే గొంతు మళ్లీ అందుకుంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ చోటే పాటంతా.

సాయంత్రం నా భార్య సుగుణ రుమాలు చూసింది. మర్నాడే దవాఖానకు తీసుకెళ్లింది. ఎక్స్‌రే, కఫం తీసి చేసే స్ప్యూటమ్ టెస్ట్ అయ్యాక డాక్టరు, "టీబీ. భయపడకండి, మంచి మందులున్నాయి" అన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐ.ఎన్.హెచ్. మాత్రలు.

దుకాణం యజమాని నర్సింగ్‌రావు సేఠ్‌కు భయపడుతూనే చెప్పాను. "పానం మంచిగ చేస్కొని రా రాజయ్యా. నీ జాగల ఎవ్వర్ని పెట్ట. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

దగ్గు తగ్గింది. స్ప్యూటమ్ నెగటివ్ వచ్చాక పనిలోకి వెళ్లనిచ్చారు, ఇంజెక్షన్లు మాత్రం సాగుతున్నాయి. ఆ రోజుల్లోనే చెవుల్లో సన్నటి ఈల మొదలైంది. గ్రంథాలయంలో క్షయ మీద ఉన్న లావుపాటి పుస్తకం తిరగేస్తే, నీరసం వల్ల చెవులు గింగురుమంటాయని ఉంది. గుడ్లు, పాలు, కొండగాలి కావాలని రాశారు. నాంపల్లిలో కొండగాలి దొరకదు కనుక గుడ్లు తినడం పెంచాను.

ఒకరోజు దుకాణంలో ఆ పాట పెట్టాను. డ్రమ్స్ ఆగాయి. టింగ్ లేదు. రికార్డు అరిగిందనుకుని కొత్తది విప్పాను. అందులోనూ లేదు. సూది మార్చాను. మరొకటి విప్పాను.

"సేఠ్, మాలంత ఖరాబున్నది. వాపస్ పంపాలె."

అప్పుడే బ్యాండ్ కుర్రాడు శ్యామ్ లోపలికి వచ్చాడు. "ఏందన్నా, మా పాట మీద గంత కోపమొచ్చింది?"

"నీ టింగ్ ఏడబోయింది శ్యామ్? బొంబాయోళ్లు మింగిన్రా?"

"గట్లనకన్నా! గిటార్ రాదని నాకు గదొక్కటే ఇచ్చిన్రు. మా అమ్మ చుట్టాలందరికి గదే ఇనిపిస్తది. గది గూడ పోతే నేను పాటల లేనట్టే."

మళ్లీ పెట్టాం. డ్రమ్స్ ఆగినప్పుడు శ్యామ్ వేలెత్తి, "గిదిగో" అన్నాడు. సేఠ్ తలూపాడు. నాకు ఆ వేలు తప్ప మరేమీ తెలియలేదు.

సేఠ్ పాట ఆపాడు. "రాజయ్యా, నీకు ఇనబడ్తలేదా?"

"లేదు సేఠ్."

శ్యామ్ నన్ను తన సైకిల్ మీద దవాఖానకు తీసుకెళ్లాడు.

"చెవుల్లో మోత ఎప్పటినుంచి? ఎందుకు చెప్పలేదు?" అని డాక్టరు అడిగారు. పుస్తకం సంగతి చెప్పాను. "ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఈ మందే లేదయ్యా! ఇది ఇంజెక్షన్ సైడ్ ఎఫెక్ట్. చెవి నర్వ్ దెబ్బతింటోంది."

"ఇంజెక్షన్ ఆపితే టీబీ తిరగబెట్టదా సార్? ఆపకుంటే చెవులు పోవా? చెవుల మీదనే నా బతుకు" అన్నాను.

"ఇవాళ్టి నుంచి ఇంజెక్షన్ బంద్. బదులుగా పి.ఎ.ఎస్. అనే మింగే మందు ఇస్తాను. కడుపులో తిప్పుతుంది, ఎక్కువ కాలం వాడాలి. మానావంటే ఊపిరితిత్తులు మళ్లీ మొదటికొస్తాయి. వినికిడిలో పోయింది తెచ్చివ్వలేను. ఉన్నది నిలుపుకుందాం."

ఆ మందు వాసనకే వాంతి వచ్చేది. ఇంజెక్షన్ చేసిన చెరుపు ఇంకా పోక, చీకట్లో లేస్తే ఒళ్లు తూలి గోడ పట్టుకునేవాణ్ని. ఒకరోజు ఇక మింగలేనని మొండికేశాను.

"ఏందయ్యా, చిన్నపోరని లెక్క! మింగు. నువ్వు దుకాణం బోకుంటే దినమంత ఇంట్ల నా పాట ఇనాలె. నా గొంతెట్లుంటదో ఎర్కనే గద" అంది సుగుణ. నవ్వొచ్చి మింగేశాను.

ఇప్పుడు ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. మందులు పూర్తయ్యాయి. సన్నని చప్పుళ్లు తిరిగి రాలేదు, మాటలు మాత్రం బాగానే వినిపిస్తాయి. దుకాణంలోనే ఉన్నాను. కొత్త రికార్డులో లోపముందేమో సేఠ్ విని చూస్తాడు, కొనేవాళ్లకు పాట గురించి నేను చెబుతాను. బ్యాండ్ విడిపోయింది, శ్యామ్ బ్యాంకులో చేరాడు. ఆ పాటలో అడుగున నడిచే బేస్ గిటార్ లోతైన స్వరాన్ని ఈమధ్యే చెవితో పట్టుకున్నాను. ఇన్నాళ్లూ టింగ్ కోసం కాచుకుని దాన్ని విననే లేదు.

ఈ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారికి ఒక్క మాట. చెవిలో మోత వచ్చినా, నడకలో తూలినా ఆ రోజే, సూది గుచ్చకముందే డాక్టరుకు చెప్పండి. ఊపిరితిత్తులు ఆయనకు ఎక్స్‌రేలో కనిపిస్తాయి. మీ చెవిలోని మోత మీరు చెబితే తప్ప ఆయనకు వినిపించదు.