ఓడిపోయిన జట్టు నాది

మొన్న ఫోన్లో ఏదో క్విజ్ చూస్తుంటే, ఓడిపోయిన జట్టు లేచి వెళ్ళిపోయింది. నాకు మరియమ్మ పెద్దమ్మ ఇల్లు గుర్తొచ్చింది.

ఎనభైలలో, హన్మకొండలో మా వాడ మొత్తానికి టీవీ వాళ్ళింట్లోనే ఉండేది. ఆదివారం ఆమె చర్చి నుంచి రాగానే, పూలు కుట్టిన గుడ్డ తీసి టీవీ పెట్టేది. కాసేపటికి వేడెక్కిన పెట్టె వాసన, మా అందరి చెమట వాసన కలిసిపోయేవి. బడిపిల్లల క్విజ్ పోటీలు ఇంగ్లీషులో వచ్చేవి. మాకు ఒక్క ప్రశ్న కూడా అర్థమయ్యేది కాదు. అయినా తలా ఒక జట్టును పట్టుకుని కొట్లాడుకునేవాళ్ళం. నాది రెండు జడల పిల్ల ఉన్న జట్టు. ఒక వారం అది ఓడిపోయింది. ఓడినోళ్ళు ఇంక రారని మా అన్న చెప్పాడు.

తర్వాతి ఆదివారం నేను పోలేదు. మా గడప మీద కూర్చుని ఆ ఇంట్లోంచి వచ్చే చప్పట్లు వింటున్నాను. పెద్దమ్మే వెతుక్కుంటూ వచ్చింది.

"ఏం బిడ్డా, ఇయ్యాల రాలేదేంది?"

"మా జట్టు ఓడిపోయింది గద పెద్దమ్మా. నేను రావద్దు."

ఆమె నవ్వలేదు. చెయ్యి పట్టి లేపింది.

"నీ జాగ అట్లనే ఉంచిన. దా."

నిజంగానే చాప మీద ముందు వరుసలో నా చోటు ఖాళీగా ఉంది. పెద్దమ్మ ఎప్పటిలాగే టీవీ పక్కన, మా వైపు తిరిగి కూర్చుంది. అక్కణ్ణుంచి బొమ్మ కనబడదు. పాపం, ఆమెకు ఇంకెక్కడా జాగా దొరకలేదని అప్పట్లో అనుకునేదాన్ని.