ఉతకని తెల్లగుడ్డ

మా కెమిస్ట్రీ సారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున కాలేజీ స్టాఫ్ గ్రూపులో ఆ కబురు చూసేసరికి నేను మా తండాలో ఇంటి ముందు కూర్చుని, సోమవారం గుడ్డలు మర్చిపోకుండా తెమ్మని మొదటి సంవత్సరం పిల్లలకు మెసేజి రాస్తున్నాను. సగంలోనే చెయ్యి ఆగిపోయింది. ఆ గుడ్డల పాఠం ఆయనదే. రిటైరయ్యాక కూడా ఏటా ఆ రోజుకు కాలేజీకి వచ్చి తాడు తానే కట్టేవారు. ఈసారి ఎవరు కడతారు అన్న మాటే ముందు తోచింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆ పాఠమేమిటో తెలియనివాళ్లకు చెబుతాను. వానాకాలం వడ్లు బాన్సువాడ మిల్లులకు చేరే రోజుల్లో, కొత్తగా చేరిన పిల్లలందరికీ, ఏ గ్రూపైనా సరే, సారు జేబురుమాలంత తెల్లగుడ్డ ఇచ్చేవారు. దాన్ని ఇంటి బయట తీగ మీద వారం పాటు ఆరేసి, ఉతక్కుండా తేవాలి. అట్లా తెచ్చినవాటిని క్లాసులో ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన సుతిలి తాడుకు, మిల్లుల నుంచి ఊళ్లున్న వరుసలోనే తగిలించేవారు. ఇక అన్ని సబ్జెక్టులూ ఆ తాడు చుట్టే తిరిగేవి. గుడ్డ మీద పడ్డదేమిటో కెమిస్ట్రీ పిల్లలు తేల్చాలి. గాలి ఎటు నుంచి ఎటు వీస్తుందో ఫిజిక్స్ వాళ్లు చెప్పాలి. మిల్లులు ఊరికి ఆ పక్కనే ఎందుకు వచ్చాయో, అప్పటికి అక్కడ ఎవరుండేవారో హిస్టరీ వాళ్లు పెద్దలను అడిగి రావాలి. ఇంట్లో బట్టలు ఉతికేవాళ్ల మాటలను తెలుగు వాళ్లు వాళ్ల యాసలోనే రాసుకురావాలి. పర్యావరణ న్యాయం అన్న పెద్ద మాట ఆయన నోట ఎప్పుడో గాని వచ్చేది కాదు. "పొగకు ఊరు తెల్వది. పొగగొట్టం ఏడ పెట్టాల్నో మనిషికి తెలుసు. గదే మన పాఠం" అనేవారు.

స్టాఫ్ రూములో అందరూ ఆయన్ను గుడ్డల సారు అని ఆటపట్టించేవారు. ఆయన ఏమీ అనుకోకుండా ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కు పట్టుకుని ఒక్కో టేబుల్ దగ్గరికి పోయి టీ పోసి, మీ క్లాసులో నాకో పావుగంట ఇవ్వండని అడిగేవారు. ఇది సిలబస్‌లో లేదు కదా అని కామర్స్ సారు అంటే, "గాలి సుత సిలబస్‌ల లేదు సారూ, పీలుస్తనే ఉన్నం గద" అన్నారట. టీ తాగాక కాదనడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

పిల్లల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. ఊరి పేర్లతోనే పిలిచేవారు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ పిల్లాడిని మరాఠీలో పలకరించబోయి, తప్పులు మాట్లాడి, వాడితోనే దిద్దించుకుని మురిసిపోయేవారు. నేనైతే తండానే. ఆయన పిలిస్తే ఆ మాట ఎంత ముద్దుగా ఉండేదో!

మా తండా ఒక బాయిల్డ్ రైస్ మిల్లుకు గాలివాటున ఉంది. మిల్లులో ఊక మండించిన మసి మా ఇంటి రేకుల మీద, ఆరబోసిన మిరపకాయల మీద, ఆరుబయట మంచాల మీద రాలుతుంది. మా నాయన అదే మిల్లులో హమాలీ. అందుకని మిల్లును తిట్టుకుంటూనే మిల్లు నడవాలని మొక్కుకునే ఇల్లు మాది. నేను కామర్స్‌లో చేరిన ఏడు, వారం తిరిగేసరికి నా గుడ్డ నల్లబడింది. తీరా తీసుకుపోయే రోజు చూస్తే తీగ మీద లేదు. ముందురోజే మా అమ్మ దాన్ని సబ్బుతో ఉతికి, నీలిమందు పెట్టి, నిప్పులు వేసిన చెంబుతో ఇస్త్రీ చేసి మడతపెట్టింది. సారుకు మురికిగుడ్డ పంపితే మన ఇల్లు ఎట్లాంటిదనుకుంటారని మా లంబాడీ మాటలో పైగా నన్నే కోప్పడింది.

ఆ రోజు తాడు మీద అన్నిటికంటే తెల్లగా మెరిసింది మా తండా గుడ్డే. మిల్లులకు దూరంగా రుద్రూర్ నుంచి వచ్చే అమ్మాయి గుడ్డ కూడా దాని ముందు దిగదుడుపే. క్లాసంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా వల్ల పాఠం పాడైందని, రేపటి నుంచి కాలేజీకి రావద్దని కూడా అనుకున్నాను. సారు నవ్వలేదు. ఏం జరిగిందో మెల్లగా నాతోనే చెప్పించి, ఆ గుడ్డ అంచును వేళ్ల మధ్య పట్టుకుని చూశారు.

"ఇన్నేండ్ల సంది గిది నాకు తట్టనే లేదు," అన్నారు. "మసి పడ్డకాడ గుడ్డ నల్లగుంటదనుకున్న. ఆడ ఉతికే చెయ్యి సుత ఉంటదని మర్చిపోయిన. బిడ్డా, మీ అమ్మ జేసే గా చాకిరీ మిల్లు లెక్కల ఏడ రాస్తరో మీ కామర్సోళ్లే చెప్పాలె."

మా అకౌంట్స్ పాఠాల్లో ఎక్కడా దానికి జవాబు దొరకలేదు. ఆ ప్రశ్నే నన్ను ఎం.కాం. దాకా నడిపించి, తిరిగి అదే కాలేజీకి కాంట్రాక్టు లెక్చరర్‌గా తెచ్చింది.

ఆ మిల్లులో వాటా ఉన్న ఇంటి అబ్బాయి కూడా మా క్లాసులోనే ఉండేవాడు. అందరూ అతని వైపు తిరిగేసరికి సారు ఊరుకోలేదు. తండ్రి మిల్లుకు కొడుకును బోనెక్కించొద్దని మమ్మల్ని మందలించి, క్లాసయ్యాక అతని భుజం మీద చెయ్యి వేసి క్యాంటీన్‌కు తీసుకుపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు మిల్లు బూడిద మోసే ట్రాక్టర్లు మా దారిలో టార్పాలిన్ కప్పుకుని పోవడం మొదలైంది. అతను ఇంట్లో ఏం మాట్లాడాడో మాకు తెలియదు. పొగ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆదివారం మూడో దినానికి అమ్మా నేనూ సారు ఇంటికి వెళ్లాం. చావు జరిగిన ఇల్లు కాబట్టి ఇల్లంతా కడిగి, ఉన్న బట్టలన్నీ ఉతుకుతున్నారు. పని కనబడితే అమ్మ ఊరుకోదు. కొంగు దోపి డాబా మీదికెక్కి తీగ మీద ఉన్నవన్నీ బకెట్లో వేస్తోంది. చివరన ఒక తెల్లగుడ్డ. ఏటా పిల్లలతోపాటు సారు కూడా తన ఇంట్లో ఒకటి ఆరేసేవారు. ఈ ఏటిది అది. అమ్మ చెయ్యి దాని దాకా పోయి ఆగింది. పక్కనే ఉన్న సారు భార్య వైపు తిరిగి, తనకు వచ్చిన తెలుగులో మెల్లగా అంది.

"అమ్మా, గిదొక్కటి ఉతకద్దు. గిది రేపు బడికి పోవాలె."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపారు. మసి రాలిపోకుండా అమ్మ దాన్ని మెత్తగా మడిచి నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చాను.

సోమవారం బెంచీ ఎక్కి తాడు నేనే కట్టాను. కిటికీ తీసి ఉంది. వరండాలోంచి పిల్లలు వస్తున్నారు, ఒక్కొక్కరి చేతిలో ఒక గుడ్డ. అప్పటికి తాడు మీద సారుది ఒక్కటే, బూడిదరంగుకు తిరిగి, గాలికి ఊగుతోంది.