చిమ్నీ కూడా కావాలటండీ!

పెళ్ళిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళని చూసి మీరు నవ్వే ఉంటారు. నేను ఒలకబోసుకున్నది పరువు. అదీ ఇబ్రహీంపట్నంలో, అమ్మాయి మేనమామలిద్దరి ఎదుట, పట్టపగలు.

అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. విజయవాడ గవర్నర్‌పేటలో ఫ్యాన్ల హోల్‌సేల్ షాపు. గిరాకీ లేనప్పుడల్లా ఫోన్లో రీల్స్ చూసేవాణ్ణి. అన్నిట్లోనూ ఒకటే పెళ్ళికూతురు. కాలు మీద కాలేసుకుని, "అబ్బాయికి ఫ్లాటుండాలి, కారుండాలి, అత్తగారు మాత్రం ఉండకూడదు" అంటుంది. వెనకాల ఎవరో పకపకా నవ్వుతారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వేవాణ్ణి. నిజంగా అలా అడిగిన అమ్మాయిని ఒక్కరిని కూడా నేను చూడలేదు. అయినా ఆడపిల్లలందరి సంగతీ నాకు తెలిసిపోయిందనుకున్నాను, వెధవని!

ఈ సంబంధం మా పిన్ని తెచ్చింది. అమ్మాయి థర్మల్ ప్లాంటులో ఇంజనీరని కూడా చెప్పింది పాపం. ఆ ముక్క చెబుతున్నప్పుడు నేను రీల్ చూస్తున్నాను.

సరే, వెళ్ళాం. టిఫిన్లయ్యాక పెద్దవాళ్ళు మా ఇద్దర్నీ పక్కగదిలో కూర్చోబెట్టారు. కూలరు ట్రాక్టరులా మోగుతోంది. అమ్మాయి పేరు సుధారాణి. కాసేపు చేతులు చూసుకుని, నెమ్మదిగా మొదలెట్టింది.

"నేను అడిగేది ఒక్కటేనండీ. ప్లాంటు మాత్రం వదులుకోలేను."

నాకు 'ఫ్లాటు' అని వినబడింది. వినబడటమేమిటి లెండి, ఆ మాట వినడానికి సిద్ధమయ్యే వెళ్ళాను కదా!

"అనుకున్నా! విజయవాడలోనేనా?"

"కాదండీ, ఇక్కడే, ఇబ్రహీంపట్నంలో."

"పోనీ, ఒకటేనా?"

"యూనిట్లు చాలానే ఉన్నాయండీ. నాకిచ్చింది మాత్రం ఒకటే."

"అప్పుడే ఇచ్చేశారా! ఎవరి పేరు మీద?"

ఆవిడ బిత్తరపోయింది. "పేరేంటండీ? అది గవర్నమెంటుది."

"గవర్నమెంటుది కూడా వదలరా!"

"వదల్లేననే కదండీ చెబుతున్నా! దూరం కూడా కాదు. ఈ కిటికీలోంచి చూస్తే చిమ్నీ కనపడుతుంది."

"చిమ్నీ కూడా కావాలా!" అని లేచి నిలబడ్డాను. "మా అమ్మ ఇన్నేళ్ళుగా చిమ్నీ లేకుండానే వండుతోందండీ!"

నా అరుపుకి మేనమామలిద్దరూ పరుగెత్తుకొచ్చారు. సంగతి విని మా పిన్ని తల బాదుకుని, నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆకాశంలోకి పొగ వదులుతూ ఎదురుగా నిలబడి ఉంది చిమ్నీ. దాన్ని ఏ వంటింట్లో పెట్టాలో మీరే చెప్పండి.

మేనమామలు పడీ పడీ నవ్వారు. పిన్ని కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. సుధారాణి మాత్రం నవ్వలేదు. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

"మీకు ముందు ఇద్దరొచ్చారండీ," అంది. "ఒకాయన నైట్ షిఫ్టులు మానెయ్యమన్నారు. ఇంకొకాయన అసలు ఉద్యోగమే ఎందుకన్నారు. ఇష్టపడి చదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం. మీరేమంటారోనని పొద్దున్నుంచీ భయంగానే ఉంది. మీరసలు విననే లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. "క్షమించండి. ఏ షిఫ్టయినా సరే, మీ ఉద్యోగం మీరు చేసుకోండి. నాకేం అభ్యంతరం లేదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆవిడ తలూపింది.

"థాంక్సండీ. కానీ ఇవాళ్టి నుంచి నాకు ఇంకో కండిషన్ కూడా వచ్చింది."

"చెప్పండి, ఏదైనా సరే!"

"అబ్బాయికి చెవులుండాలి."

సంబంధం తప్పిపోయింది. అందుచేత కనకదుర్గమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడపిల్ల మాట మొదలెట్టినా, వాక్యం చివర క్రియ వచ్చేదాకా నేను నోరు విప్పను. క్రియ వచ్చాక కూడా వెంటనే కాదు. "ఇంకోసారి చెప్పండి" అని అడిగి, అది కూడా విని, అప్పుడు.