సీసపు గుళ్లు వెతికిన వేళ్లు

మా డ్రైవరన్న ఇక లేడు. శుక్రవారం చర్చిలో ప్రార్థన నుంచి తిరిగొచ్చి చెప్పులు విడుస్తుంటే, మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియా పేట నుంచి ఫోను వచ్చింది. సెలవని స్నేహితుల గదికి వెళ్లినవాడు నిద్రలోనే పోయాడట. ఫోను ఇంకా చేతిలో ఉంది. మా యజమానురాలిని మేం మామా అంటాం; ఆమె పెద్దకొడుక్కి సంగతి తెలియదు. వేటలో తుపాకీతో కొట్టిన కుందేళ్ల సంచి వంటగది గట్టుమీద పెట్టి, "కుక్కకి, యల్లా" అని తొందరపెట్టి వెళ్లిపోయాడు.

కువైట్‌లో చాలా ఏళ్లు ఒకే ఇంట్లో పనిచేశాం. ఆయనది రాయచోటి, నాది గోదావరి పక్క. ఇక్కడే పనిచేసే నా చెల్లెళ్లిద్దరూ పెద్దక్కా అని పిలవడం విని, ఆయనా నన్ను పెద్దక్కా అనేవాడు.

"వయసులో నాకంటే చిన్నదానివే. నీ మొగం చూస్తే మాత్రం అక్కా అనకుండా ఉండబుద్ధి గాదు" అని నవ్వేవాడు.

మామా వేటకుక్కకు తిండి ఆయనే వండేవాడు. ఆ పనికి వేరే చొక్కా, మేకుకు వేలాడేది. నమాజుకు ముందు అది విప్పి, మోచేతుల దాకా కడుక్కునేవాడు. మాంసాన్ని కళ్లు మూసుకొని వేళ్లతో తడిమేవాడు. దొరికిన సీసపు గుండును స్టీలు పళ్లెంలో వేస్తే టంగుమనేది. ఆ చప్పుడుకే కుక్క లేచి వచ్చేది. ఎముకలన్నీ తీసి, ఉప్పూ ఉల్లీ లేకుండా మెత్తగా ఉడికించి, అన్నం, కాస్త పొట్టేలు కొవ్వు కలిపేవాడు.

"కొవ్వెందుకన్నా?"

"కుందేలు ఒంట్లో కొవ్వుండదు. ఒట్టిదే పెడితే కుక్క తింటానే చిక్కిపోతాది. అట్లని ఎక్కువేస్తే కడుపు చెడ్తాది."

ఒకసారి విందుకొచ్చిన చుట్టమొకాయన కాల్చిన కుందేలు ఎముక విసిరాడు. కుక్కకు ఊపిరాడలేదు. మామా కేకలు. నేను గోడకానుకొని ప్రభువా, ప్రభువా అంటున్నాను. డ్రైవరన్న దాని గొంతులోకి వేళ్లు పోనిచ్చి ఎముక చీలిక లాగాడు. తర్వాత టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు.

"నీకూ భయమేనా అన్నా?"

"భయం పోగూడదు పెద్దక్కా. అది పోయిందంటే చెయ్యి తొందరపడ్తాది."

ఆ భయం ఇప్పుడు నాది. ఆ ముసలి కుక్క తప్ప మామాకు రోజంతా తోడెవరూ లేరు. ఒక్క గుండు నా వేళ్లకు తగలకుండా దాని కడుపులోకి పోతే? ఇంత జాగ్రత్త నేర్పినవాణ్ణి ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకొని, కళ్లు మూసుకొని ఆ కుందేళ్ల మాంసంలో చేయి పెట్టాను. చాలాసేపటికి ఒకటి తగిలింది. పళ్లెంలో వేశాను.

టంగుమంది. కుక్క లేచింది. నా దగ్గరికి రాలేదు. ఆయన గది తలుపు ముందుకు వెళ్లి కూర్చుంది.

నేను మళ్లీ మొదటి నుంచి తడమసాగాను.